ఏడాది ఆగమన్నాను

మా ఎమ్మెల్యే జనార్దనరావుగారు అసెంబ్లీలో అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చిందని విని, సోమవారం పని మానుకుని కాశీబుగ్గ వెళ్ళాను. ఇల్లు మంజూరై, తర్వాత జాబితాలోంచి పేరు పోయినవాళ్ళ గురించి ఆయన అడిగారు. అందులో నేనూ ఒకదాన్ని. నా పేరు ఎందుకు తీసేశారని రెండేళ్ళుగా నేనూ అడుగుతూనే ఉన్నాను. మా ఊరి సచివాలయంలో అడిగితే టెక్కలి హౌసింగ్ ఆఫీసుకి వెళ్ళమన్నారు. టెక్కలిలో అడిగితే సచివాలయంలోనే చెప్తారన్నారు. నేను అడిగితే చెప్పకపోయినా ఎమ్మెల్యే అడిగితే చెప్పక తప్పదు కదా అనుకున్నాను.

ఎమ్మెల్యేగారి ఇంటి వరండాలో ఆయన పీఏ రాజేష్ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే తల పట్టుకున్నాడు.

"మళ్ళీ వచ్చినావేటి బొడ్డమ్మా! నీ చెప్పుల అరుగుదలకే ఇల్లు ఇచ్చెయ్యొచ్చు."

"జవాబొచ్చిందట గదా బాబూ."

"ఒచ్చింది. సదివి పెట్టమంటావా?"

"ఇలాగియ్యి. నాను సదువుకుంటాను."

అతను నవ్వాడు. "ఓలమ్మ! పోయిన పాలి అర్జీ మీద వేలిముద్రే గదా ఏసినావు?"

"ఏసినందుకే నేర్సుకున్నాను."

అది నిజమే. మా ఊళ్ళో ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట చదువు చెప్తుంటే వెళ్ళి కూర్చున్నాను. యాభై ఎనిమిదేళ్ళకు అక్షరాలు పట్టుబడ్డాయి. ఒత్తులు మాత్రం ఇప్పటికీ నెమ్మదిగా చదవాలి.

మెట్ల మీద కూర్చుని కాగితం చదివాను. ఎడమ పక్క ప్రశ్నలు, కుడి పక్క జవాబులు. మంజూరైన ఇళ్ళు కొన్ని రద్దు చేసిన మాట వాస్తవమేనా? అవునండి. కారణమేమి? లబ్ధిదారుల అనాసక్తి. ఇలా రద్దయిన వాటిని పునరుద్ధరించే ప్రతిపాదన ఏదైనా ఉన్నదా? ప్రశ్న ఉత్పన్నం కాదు.

"అనాసక్తి అంటే ఏటి బాబూ?"

"ఇష్టం నేదని. మీరే అక్కర్నేదన్నారని."

వెనక కాగితంలో ఊళ్ళ వారీగా పేర్లున్నాయి. మా ఊరి కింద నాలుగు పేర్లు. మూడోది నాది. బొడ్డమ్మ, భర్త కీ.శే. పోలారావు. నా పేరు అచ్చులో చూడటం అదే మొదటిసారి. మా ఆయన పోయిన సంగతి వాళ్ళకు తెలుసు. కీర్తిశేషులని మర్యాదగా రాశారు. ఆ పక్క గడిలోనే నాకు ఇల్లు ఇష్టం లేదని రాశారు.

ఇల్లు ఇష్టం లేనిది ఎవరికి? తుపానుకు పైకప్పు పోయిన దగ్గర్నుంచి మేము రేకుల కిందే ఉంటున్నాం. మాది ఒకే పెరడు. ఈ పక్క మేము, ఆ పక్క మా మరిది కొండబాబు, తోటికోడలు తిరుమల. కొబ్బరిచెట్లు పడిపోయాక మగవాళ్ళకు పని పోయింది. తర్వాత మా ఆయన కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళేదాన్ని. ఇల్లు మంజూరైందని కబురొచ్చిన రోజు ఆయన బస్సులో నా భుజం మీద తల పెట్టుకుని, గుమ్మం తూర్పుకే పెట్టాలి సుమా అన్నాడు. శ్రావణంలో పోయాడు.

నాలుగో నెలలో సచివాలయం నుంచి ఇంజనీరింగ్ అసిస్టెంట్ శ్రీకాంత్ వచ్చాడు. పునాదికి ముగ్గు పోస్తే ఫొటో తీసుకుంటానన్నాడు. మా వైపు ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా కొత్త ఇంటికి ముగ్గు పొయ్యరు. సంవత్సరీకం అయ్యాకే ఏదైనా. అదే చెప్పాను. ఈ ఏడు వద్దు బాబూ, ఏడాది తిరగనీ అన్నాను. అతను ఫోన్‌లో ఏదో నొక్కి వేలు పెట్టమన్నాడు.

నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొడతాను. పిక్కల్లో నూనెకు వేళ్ళ చర్మం ఊడిపోతుంది, గీతలు అరిగిపోతాయి. రేషన్ దగ్గర నా వేలు ఎప్పుడూ ఒక్కసారికి పడదు. తుడిచి, కడిగి, పది వేళ్ళూ మార్చి పెట్టాలి. ఆ రోజు మాత్రం పెట్టగానే పడింది.

మెట్ల మీద అలాగే కూర్చున్నాను. కాసేపటికి ఎమ్మెల్యేగారు లోపల్నుంచి వచ్చారు. కళ్ళ కింద నల్లగా ఉంది.

"ఏటమ్మా, సదివేవా?"

"సదివేను బాబూ. ఇష్టం నేదని రాసినారు. నాను ఇష్టం నేదన్నేదు. ఏడాది ఆగమన్నాను. మా ఆయన పోనాడు గదా, ఏడు తిరక్కుండా ముగ్గు ఎలగ పోత్తాం?"

ఆయన తలెత్తి తన ఇంటి పైకి చూశారు. నేనూ చూశాను. మేడ మీద గోడలు సగంలో ఆగిపోయి, ఇనుప చువ్వలు తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి.

"మా అమ్మ పోయి తొమ్మిది నెలలు" అన్నారు. "మేస్త్రీ రోజూ ఫోన్ చేత్తన్నాడు. ఏడాది ఆగమన్నాను."

రాజేష్ కాగితాలు సర్దుకున్నాడు.

"మరి ఆ రోజు సభలో ఈ మాట అడగలేకపోనారా బాబూ?"

"అడగడానికి ముందు నాకు తెలియాలి గదమ్మా. అనాసక్తి అంటే నాను నమ్మేసినాను. అనుబంధ ప్రశ్న ఏద్దామనుకునేసరికి ప్రశ్నోత్తరాల టైమ్ అయిపోయింది." ఆయన కుర్చీలో కూలబడ్డారు. "చూడమ్మా, నా చేతిలో ఉన్నది అడగడమే. ఇవ్వడం నా చేతిలో నేదు. మళ్ళీ అడుగుతాను. ఏం జరిగిందో కాగితం మీద రాసి ఇయ్యి."

రాజేష్ రాయడానికి పెన్ను తీశాడు. నేను కాగితం నా దగ్గరికి లాక్కున్నాను. నాలుగు ముక్కలు రాయడానికి చాలా సేపు పట్టింది. 'నేను వద్దనలేదు. నా భర్త పోయాడు. ఏడాది ఆగమన్నాను. ఏడాది అయింది.' ఎమ్మెల్యేగారు చదివి జేబులో పెట్టుకున్నారు. ఆయన జేబులో అప్పటికే చాలా కాగితాలున్నాయి.

తర్వాత నాలుగు నెలలు ఏమీ జరగలేదు. సభ మళ్ళీ కూర్చున్నప్పుడు ఒక రోజు రాజేష్ ఫోన్ చేశాడు.

"నీ కాగితం సభలో చదివినారు బొడ్డమ్మా. అందరూ ఇన్నారు."

"ఏటన్నారు?"

"ఆచారాల విషయం పరిశీలనలో ఉందన్నారు మంత్రిగారు. పేర్లు పోయినోళ్ళని ఇంకోపాలి చూత్తారట. పదిహేను రోజులే గడువు. ముగ్గు పోసి ఫొటో దిగినోళ్ళ పేరే ఎక్కుద్ది. ఈసారి ఆగమనకు తల్లీ."

నేను ఫోన్ పట్టుకుని పెరట్లో ఆ పక్కకి చూశాను. తిరుమల గుమ్మం లోపల గోడకు చేరబడి కూర్చుని ఉంది. కొండబాబు పోయి అప్పటికి ఎనిమిది రోజులు. అతనికీ కిడ్నీలే.

తిరుమలకు ఆ సంగతి చెప్పలేదు. పెద్దకర్మ అయింది. ఇంకా చెప్పలేదు. పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్ళడం, పిక్కలు కొట్టడం, వచ్చి ఇద్దరికీ వండటం. రోజులు లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాను. ఒకే పెరట్లో, తన భర్త పోయి నెల తిరక్కుండా ముగ్గు పోయిస్తానని ఏ నోటితో అడగను? అడగకపోతే ఇక ఇల్లు లేదు.

పద్నాలుగో రోజు శ్రీకాంత్ వచ్చాడు. మోటారుసైకిల్ దిగుతూనే తల వంచుకున్నాడు.

"అమ్మా, ఆ రోజు నాను కావాలని సెయ్యనేదు. ఫోన్‌లో రెండే గళ్ళు. కట్టుకుంటాను, వద్దు. రెండోది నొక్కితే గానీ ముందుకు పోదు."

"ఇప్పుడు ఆగడానికి గడి పెట్టినారేటి?"

"నేదమ్మా. ఇప్పుడూ రెండే." ఆ పక్క గుమ్మంలో తిరుమలను చూసి గొంతు తగ్గించాడు. "మీ మరిదిగారి సంగతి తెల్సింది. ఏటి నొక్కమంటారు?"

ఈలోగా లోపల్నుంచి తిరుమలే పిలిచింది. అక్కని తను అప్పా అంటుంది.

"అప్పా, ఏటంటన్నాడు ఆ బాబు?"

చెప్పాను. అంతా విన్నది.

"ఎన్ని రోజులుగా తెల్సు నీకు?"

"పద్నాలుగు."

"నాకు సెప్పకుండా కడుపులో పెట్టుకుని కూకున్నావా? నీకు బుద్ధి నేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "బావ పోయినప్పుడు ఏడాది ఆగినావు. ఏటొచ్చింది? ఇప్పుడు ఈయన కోసం ఏడాది ఆగుతావు. ఆ ఏడు తిరిగేలోగా మనోళ్ళల్లో ఇంకెవరో మంచం పడతారు. మన ఇంట్లో సావు నేని ఏడు సూసుకుని నువ్వు ముగ్గు పోయిత్తావా? ఎల్లు, మేస్త్రీని పిలు."

మేస్త్రీ ఈశ్వర్ మా వీధిలోనే ఉంటాడు. వచ్చాడు గానీ ముగ్గు తట్ట కింద పెట్టి నసిగాడు.

"ఏడు తిరక్కుండా పోసినానంటే రేపు నన్నెవరూ పని పిలవరు బొడ్డమ్మా. తాడు కడతాను, కొలత సూపుతాను. ముగ్గు మాత్రం మీరే పోసుకోండి. ఆ చివర తాడెవరు పట్టుకుంటారు?"

ఇలాంటి పనికి మామూలుగా పిలిచేది ముత్తయిదువని. ప్రహరీ మీంచి ఇద్దరు ఆడవాళ్ళు చూస్తున్నారు. నేను చూసేసరికి చూపు తిప్పుకున్నారు. శ్రీకాంత్ టైమ్ చూసుకున్నాడు.

తిరుమల లేచింది. ఇంకా గడప దాటకూడని రోజులు. దాటి వచ్చి తాడు చివర పట్టుకుంది.

"తూర్పుకేనా గుమ్మం?" అంది.

"తూర్పుకే."

తట్టలోంచి ముగ్గు తీసి తాడు వెంట పోసుకుంటూ నడిచాను. నడుం నొప్పికి గీత రెండు చోట్ల వంకర పోయింది. ఈశ్వర్ దూరం నుంచి చెయ్యి ఊపి సరిచేయించాడు. నాలుగు పక్కలా గీత కలిసేసరికి ఎండ ముదిరింది. శ్రీకాంత్ మధ్యలో నిలబడమని ఫొటో తీశాడు. తర్వాత వేలు పెట్టమన్నాడు.

వేలు పడలేదు. కడుక్కుని వచ్చి పెట్టాను. పడలేదు. పది వేళ్ళూ అయ్యాయి. చివరికి అతను సంచిలోంచి కాగితం తీశాడు.

"వేలు పడనోళ్ళకి సంతకం చాలమ్మా. ఇక్కడ పెట్టండి."

"ఉండు బాబూ. సదివి పెడతాను."

అతను ఎండలోనే నిలబడ్డాడు. రెండు పక్కలా అచ్చున్న కాగితం. ఒత్తుల దగ్గర ఆగుతూ పైనుంచి కిందకి చదివాను. ఇల్లు కట్టేది ఎప్పుడో, బిల్లు పడేది ఎప్పుడో అందులో ఎక్కడా లేదు. ఉన్నంతవరకు చదివి సంతకం పెట్టాను.

అతను వెళ్ళిపోయాక తిరుమల చేతికంటిన ముగ్గు దులుపుకుని మళ్ళీ తన గుమ్మంలోకి వెళ్ళి కూర్చుంది.

"ఏటుంది అప్పా ఆ కాగితంలో? అంతసేపు సదివేవు."

"నాకు ఇల్లు ఇష్టమేనని ఉంది."

"ఇష్టమేటి" అంది తిరుమల. "గతి నేక."