అన్సెల్మోతో మాట్లాడకండి

మా బేస్‌బాల్ జట్టులో అన్సెల్మో కిరోగాతో రెండు వారాలుగా ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడొద్దని చెప్పింది నేనే. అతను పిచ్చర్, నేను క్యాచర్‌ని. అతను విసిరే బంతుల్ని ఆరేళ్లుగా పట్టుకుంటున్నవాణ్ణి. నా మాట కాదని ఎవడైనా అతని దగ్గర నోరు విప్పితే వాడి బూట్లలో షేవింగ్ క్రీమ్ నింపుతానని కూడా బెదిరించాను.

సెప్టెంబరులో మా ఆటగాళ్ల ఓట్లు పడతాయి. పత్రికలవాళ్లిచ్చే బహుమతుల సంగతి వేరు. వాటిని అమ్మలు అద్దాల బీరువాలో పెట్టుకుంటారు. ఇది మాలో మేం ఇచ్చుకునేది. లీగులో ప్రతి ఆటగాడూ ఓటేస్తాడు, సొంత జట్టువాడికి మాత్రం వేయకూడదు. అంటే ఏడాది పొడుగునా నువ్వు ఎవరిని ఓడించావో వాళ్లే నిన్ను మెచ్చాలి. దెబ్బ తిని తిరిగి లేచిన ఆటగాడికిచ్చే బహుమతికి ఈసారి ఇద్దరి మధ్యే గట్టి పోటీ. ఒకడు మా అన్సెల్మో. రెండోవాడు వేరే జట్టు బ్యాటర్ కిప్ హాల్వర్సన్.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ ఇద్దర్నీ పడగొట్టింది ఒకే బంతి.

రెండేళ్ల కిందటి మాట. కిప్ మామీద బంతిని గోడ దాటించి హోమ్ రన్ కొట్టి, పెళ్లి ఊరేగింపులా తీరిగ్గా మైదానం చుట్టి వచ్చాడు. పిచ్చర్‌కి అంతకంటే అవమానం లేదు. అతను మళ్లీ బ్యాటింగుకి వచ్చినప్పుడు, బంతి లోపలికి, ఒంటికి దగ్గరగా వేయమని నేనే సైగ చేశాను. బెదిరించడానికి కాదు, అతనికి అక్కడి బంతి ఆడటం రాదు. అన్సెల్మో చేతిలోంచి బంతి వదులుతుండగా మోచేతి లోపల ఏదో పటుక్కున తెగింది. బంతి దారి తప్పి కిప్ దవడకి తగిలింది. ఆ చప్పుడు ఎలా ఉందో నేను చెప్పను.

కిప్‌ని స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. అన్సెల్మోకి మోచేయి కోసి కుట్టారు. లీగంతా ఒకటే మాట: హోమ్ రన్‌కి కసి తీర్చుకున్నాడు, మోచేయి ఒక సాకు. సాకు కోసం ఎవడైనా చెయ్యి కోయించుకుంటాడా, దున్నపోతుల్లారా! కానీ మా ఆటలో ఆ ముద్ర ఒకసారి పడితే చెరగదు. అన్సెల్మోకి ఆ బహుమతి మీద ఆశ లేదు. తోటి ఆటగాళ్లు తనని అలాంటివాడనుకుంటున్నారా లేదా, ఆ ఓట్లని బట్టి అదొక్కటే తెలియాలి. వాళ్లు ఇంకా అలాగే అనుకుంటుంటే ఈ ఏడాదితో ఆట మానేస్తానన్నాడట. అతని భార్య మారిసోల్ నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

ఇక మౌనం సంగతి. బ్యాటర్లని ఒక్క హిట్ కూడా కొట్టనివ్వకుండా ఆట చివరిదాకా లాక్కొచ్చిన పిచ్చర్ పక్కన మాలో ఎవడూ కూర్చోడు, పలకరించడు. పలకరిస్తే దిష్టి తగులుతుంది. నవ్వుకుంటే నవ్వుకోండి, నా కళ్లారా చూశాను. అందుకే ఓట్లు పడ్డ రోజునుంచి ఫలితం వచ్చేదాకా అదే పద్ధతి పాటిద్దామన్నాను. సరేనన్నారు. అన్సెల్మో వస్తుంటే పక్కకి తప్పుకునేవాళ్లు. భోజనాల బల్ల దగ్గర అతని చుట్టూ కుర్చీలు ఖాళీగా ఉండేవి. అంతా ప్రేమతోనే.

ఆఖరి ఆదివారం, ఫలితం తెలిసే రోజు, ఆటకి ముందు అన్సెల్మో డ్రెస్సింగ్ రూములో నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"బర్క్, ఒక్కటడుగుతా. నిజం చెప్పు."

నేను మోకాలి పట్టీ బిగించుకుంటూ తలూపాను.

"నేను కావాలనే కొట్టానని నువ్వు కూడా అనుకుంటున్నావా?"

పట్టీ బిగించడం ఆపేశాను.

"రెండు వారాల్నుంచి చూస్తున్నా. నేను కాఫీకి వెళ్తే కప్పులు వదిలేసి మరీ లేచిపోతున్నారు. వాళ్లంటే సరే. ఆ రోజు సైగ చేసింది నువ్వే కదరా. నీక్కూడా తెలీదా?"

ఫలితం ఇంకా రాలేదు. ఇప్పుడు నోరు విప్పితే అంతా చెడిపోతుంది. కానీ ఆ మొహం చూస్తూ ఎలా ఊరుకోను?

"ఒరేయ్ వెర్రిమొహమా! నీకు దిష్టి తగలకూడదనిరా! ఆట మధ్యలో మాట్లాడం కదా, అలాగే అనుకున్నాం!"

"ఆట మధ్యలోనైతే నాకు తెలుస్తుంది కదరా! ఇది నాకెలా తెలుస్తుంది?"

ఓట్లు సేకరించి పంపిన మా ప్రతినిధి లైల్ ఓడమ్ మూలనుంచి, "అయిపోయింది, మాట్లాడేశాడు," అని నిట్టూర్చాడు.

"నువ్వు నోర్ముయ్! చూడు అన్సెల్మో, కిప్‌కి ఓటు పడకూడదని మేమంతా గెలిచే ఆశ లేనివాళ్లని ఏరి మరీ వాళ్లకి వేశాం. నువ్వూ అంతేగా?"

"నేను కిప్‌కి వేశా."

"ఎవరికీ?"

"కిప్‌కేరా. ఇంకెవరికి వేస్తాను?"

నా నెత్తి నేనే కొట్టుకున్నాను. అంతలో ఓడమ్ ఫోన్ మోగింది. అవతలి మాట విని, తల దించుకుని, "కిప్," అన్నాడు.

ఎవడో నామీదకి తడి తువ్వాలు విసిరాడు. "ఇంకాసేపు ఆ నోరు కట్టుకుని ఉండలేకపోయావా?" నావల్లే పోయిందని నాకూ అనిపించింది.

"తెలిసిపోయింది కదా," అన్నాడు అన్సెల్మో, ఎవరినీ చూడకుండా. గ్లవ్ తీసి సంచిలో పెట్టాడు. తర్వాత బూట్లు. తర్వాత గోడకున్న పిల్లల ఫోటో. సాయంత్రం ఆటలో బంతి వేయాల్సినవాడు ఇంటికి సర్దుకుంటున్నాడు. నాకు భయమేసింది.

అతని ఫోన్ మోగింది. కొత్త నంబరు. పట్టించుకోలేదు. మళ్లీ మోగితే నేనే లాక్కుని స్పీకర్ పెట్టాను.

"అన్సెల్మో? నేను కిప్‌ని."

గదిలో అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"నేను నీకే వేశాను. మావాళ్లు కూడా చాలామంది నీకే వేశారు. నేను కింద పడున్నప్పుడు తెగిన మోచేయి పట్టుకుని నా దగ్గరికే పరిగెత్తుకొచ్చావ్. కావాలని కొట్టినవాడు అలా రాడు. ఇది నేను అప్పుడే నలుగురికీ చెప్పాల్సింది. కోపంలో చెప్పలేదు. తప్పు నాదే."

అన్సెల్మో ఫోన్ దగ్గరికి వంగాడు.

"నమిలేటప్పుడు నొప్పెడుతోందా?"

"ఏంటీ?"

"దవడ. తింటుంటే నొప్పి ఉందా?"

"చలికాలంలో కొంచెం. మాంసం చిన్న ముక్కలు కోసుకుంటా, అంతే," అన్నాడు కిప్. "ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఈ ఏడాదంతా నాకు బంతులు దూరంగానే వేశావ్. జాలిపడ్డావో, భయపడ్డావో. నాకు ఒళ్లు మండిపోయింది. వచ్చే ఏప్రిల్లో ఆడటానికి మీ ఊరొస్తున్నాం. లోపలికి వెయ్యి."

అన్సెల్మో రెండు చేతుల్లో మొహం దాచుకుని, మా అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

"వేస్తావా, వెయ్యవా?" కిప్ గద్దించాడు.

"వేస్తాను," అన్నాడు అన్సెల్మో, ఏడుస్తూనే.