కింద పేరు లేని రాయి

రాయి మీద కప్పిన పసుపు గుడ్డ గాలికి లేచినప్పుడల్లా రామేశ్వరమ్మ గుండె ఝల్లుమంటోంది. ఆ బేతంచెర్ల నాపరాయి మీద ఉన్నది ఆమె మొగుడు తిమ్మన్న పేరు. ఆదివారం టీవీ కామెడీలో ఏళ్ల తరబడి ప్రెసిడెంటు వేషం కట్టి, ఇల్లిల్లూ నవ్వించి, పోయినేడు కన్నుమూసిన మనిషి. ఆ కామెడీలో వేసిన వాళ్లందరికీ ఎవరి ఊళ్లో వాళ్లకు అభిమానులు పేర్ల రాళ్లు పెడుతున్నారు. మంచి పనే. కానీ మన సీమలో రాయి ఎవరికి పెట్టారన్నది ఎవడికీ పట్టదు, కింద ఎవరి పేరు వేశారన్నదే లెక్క.

తిమ్మన్నకు పెళ్లాంగా వేసినామెకు కడపలో పెట్టిన రాయిని రామేశ్వరమ్మ కళ్లారా చూసింది. కింద దాన్ని ఆవిష్కరించిన నాయకుడి పేరుంది. ఎలక్షన్లలో ఆయన ఓడిపోగానే ఎదుటి పార్టీ వాళ్లు సమ్మెటలతో వచ్చారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, పాపం ఆ తల్లి పేరు ముక్కలైంది.

అందుకే ఎవరికీ చెప్పకుండా, రాయి చెక్కే కంబన్న దగ్గరికి పోయి ‘ఆవిష్కరణ: నరసింహ’ అన్న వరుస వద్దంది. తండ్రి తర్వాత ఊరి పెత్తనం అందుకున్నవాడు ఈ నరసింహ. కంబన్న భయపడ్డాడు, దండం పెట్టాడు. ఆమె వింటేగా.

జీపులు ఆగాయి. నరసింహ గుడ్డ లాగి, రాయిని పైనుంచి కింది దాకా చదివాడు. మళ్లీ చదివాడు. చప్పట్లకు లేచిన చేతులు అలాగే ఆగిపోయాయి. రాయి పాతిన గడ్డపార అక్కడే పడి ఉంటే, నరసింహ మనిషొకడు అందుకున్నాడు. కంబన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు.

 రామేశ్వరమ్మ పోయి రాయికి వీపు ఆనించి నిలబడింది.

“కంబన్న తప్పేం లేదప్పా, నేనే వద్దన్యా. నీ పేరుంటే, రేపు నీ మింద కోపమొచ్చినోడు ఆయన పేరు గూడా పగలగొడ్తాడు. కడపలో చూసొచ్చినా. నా మొగునికి ఇదొక్కటే ఉండాది.”

 గడ్డపార పట్టుకున్నవాడు నరసింహ సైగ కోసం చూస్తున్నాడు. 

గడ్డపార కింద పెట్టమన్నాడు నరసింహ చివరికి. రామేశ్వరమ్మ రాయి పక్కనే కూలబడింది. మొగుడు పోయిన రోజు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

నరసింహ కంబన్నను పిలిచాడు. ఎవరి వంకా చూడకుండా మాట్లాడాడు.

“మా నాయన పేరుండే రాళ్లు ఈ చుట్టుపక్కల యాడా ఒగటీ మిగల్లేదు కంబన్నా. ఆయనకు గూడా ఒగటి చెక్కు. కింద ఎవురి పేరూ వద్దు. నాది గూడా.”