కావిడి భుజం

ముందు నన్నే పిలుస్తారు, ఎవరున్నా నన్నే, అని పొంగిపోతూ దొరబాబు బరువులు బిగించిన ఇనప కడ్డీని గుండెల మీదికి తీసుకున్నాడు, అమలాపురంలో ఈ జిమ్ముకి ఇంతమంది డాక్టర్ల పిల్లలు వస్తుంటే సాయిరాం సారు నోట మొదట వచ్చే పేరు తనదే, ఇంట్లో చెబితే నాన్న పోలయ్య కావిడి దించి నిజమేనంట్రా అని మళ్లీ మళ్లీ అడిగాడు, జిల్లా ఎంపికల్లో నెగ్గితే ఆటల కోటాలో ఏదో ఒక ఉద్యోగం, కొబ్బరికాయలు మోసే బతుకు నాన్నతోనే సరి, ఊపిరి బిగించు, ఎత్తు, కడ్డీ తల దాటింది, కుడిచెయ్యి నిటారుగా నిలిచింది, ఎడమది మాత్రం సగంలో వణుకుతోంది, పాడు చెయ్యి, రోజూ ఇదే, భుజం మార్చుకోరా అని నాన్న మొత్తుకునేవాడు, వింటేనా, భుజం మార్చకుండా గట్టు చేరినవాడే మొనగాడని తోటలో పందెం, చిన్నప్పట్నుంచీ కావిడంతా కుడి భుజం మీదే, ఆ మొనగాడితనం ఇప్పుడు ఎడమవైపు కిందికి ఒరుగుతోంది.

ఆ డాక్టర్ల పిల్లల్లో నీహారిక, జిమ్ములో చేరినప్పుడు చీపురుపుల్ల, సారు ఆ పిల్లచేత గోడని తోయించారు, తర్వాత బల్ల మీద, తర్వాత నేల మీద దండీలు తీయించారు, కమ్మీకి వేలాడించారు, ఉత్త కర్రని తలపైన పట్టుకుని నిలబడమన్నారు, ఇప్పుడు కడ్డీని గీత గీసినట్టు ఎత్తుతోంది, మరి నాకండీ అనడిగితే నీకవన్నీ ఎందుకురా, కావిడి మోసిన భుజం నీది అని నవ్వారు, ఆ మాటకి ఈ వెర్రిబాగులోడు వారంపాటు నేలమీద నడిచాడా.

కడ్డీ ఇంకా తలపైనే ఉంది, ఎదురుగా కుర్చీల్లో కొత్త పిల్లల అమ్మానాన్నలు, సారు చేతికర్రతో దొరబాబు ఎడమ మోచేతిని తడుతున్నారు, చూసేరాండీ, కుడిది లాగేత్తంది, ఎడమది చచ్చిపోయింది, పునాది లేకుండా ఎత్తితే ఇలాగే ఉంటదండి, మీ పిల్లలకి గోడ దగ్గర్నుంచి మొదలెడతామండి, దింపనాండీ అన్నాడు తను, ఉండరా అన్నారు సారు, ఎవరో ఆవిడ పాపం దింపమనండి అంది, ఒక్క నిమిషమండి, ఇప్పుడు నడుం వంకర పోద్ది, అది చూడాలండి, భుజంలో నిప్పు పోసినట్టుంది, నడుం నిజంగానే వంకర పోయింది, అదిగోనండి అన్నారు సారు సంబరంగా, పిల్లలు నవ్వారు, నవ్వనీ, నిన్న కూడా ఇలాగే నిలబెట్టారు, మొన్న కొత్తవాళ్లు వచ్చినప్పుడూ ఇలాగే, ఎంపికలకి నా పేరు ఇచ్చేరాండీ అంటే చూద్దాంలేరా అన్నారు, అందరి దగ్గరా ఫీజు తీసుకుని తన దగ్గర వద్దన్నారు, పేదవాడినని జాలి అనుకున్నాడు, జాలి కాదు, సారు తనకి నేర్పడం లేదు, తనని చూపించి వాళ్లకి నేర్పుతున్నారు, తిన్నగా ఎత్తడం వచ్చిన రోజున తనని పిలవనే పిలవరు.