గొంతుకు మొదటి మర్యాద

మారిసెల్వికి సుందర ఇచ్చిన గడువు గురువారం. ఆ రోజు పదకొండు గంటల నుంచి ఒంటిగంట దాకా ఆమె మాట్లాడే ఫోన్లన్నీ అతను తన ఆఫీసులో కూర్చుని వింటాడు. సగం మాటలు వినపడలేదని ఆసుపత్రివాళ్ళు ఇంకొక్కసారి అన్నారంటే ఆ కుర్చీలోకి వేరే మనిషి వస్తుంది, ఆమె తిరిగి స్పిన్నింగ్ మిల్లుకు పోవాలి. మూడేళ్ళు దూది ధూళి పీల్చి ఆ పిల్ల దగ్గు తెచ్చుకున్నది అక్కడే.

సుందరది బ్యాండేజి గుడ్డ వ్యాపారం. ఆంధ్రా ఆసుపత్రుల ఆర్డర్లు తెలుగులో తీసుకోవడానికి మా ఇంటి ముందు గది అద్దెకు తీసుకుని, ఒక కంప్యూటరు, ఒక హెడ్‌సెట్టు పెట్టి మారిసెల్విని కూర్చోబెట్టాడు. ఫ్యాను చప్పుడు అవతలికి పోకూడదని ఆమె ఫ్యాను ఆపి మాట్లాడుతుంది. ఏప్రిల్‌లో మా తమిళనాడు రాజపాళయంలో ఫ్యాను ఆపి కూర్చోవడం అందరివల్లా అయ్యే పని కాదు. నేను చేయగలిగింది గడప దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టి రావడమే.

మాటలు తెగడం ఆ పిల్ల తప్పు కాదు. ఇల్లు మా మామగారిది. ముందు భాగం నా భార్య పాపాత్తికి, వెనక భాగం ఆమె తమ్ముడు మహేంద్రన్‌కి వచ్చాయి. ఇంటర్నెట్ కనెక్షన్ రెండిళ్ళకూ ఒక్కటే, రూటరు నడిమి గోడ మీద ఉంటుంది. మా వీధిలో సెల్ టవర్ సరిగా అందదు కాబట్టి అందరం ఫోన్లు కూడా దాని మీదే మాట్లాడతాం. మహేంద్రన్ రాజపాళయం జాతి కుక్కల్ని పెంచి అమ్ముతాడు. తెల్లటి కుక్కల్ని పెరట్లో పరుగెత్తిస్తూ రోజూ గంటల తరబడి లైవ్ వీడియో పెడతాడు. అది బయటికి పోతున్నంతసేపూ మారిసెల్వి గొంతు ముక్కలు ముక్కలై పోతుంది.

పాపాత్తి పోయి మూడేళ్ళు. ఆ తరువాత మహేంద్రన్‌కూ నాకూ ఉమ్మడిగా మిగిలింది ఆ కనెక్షన్ ఒక్కటే. మధురై ఆసుపత్రి నుంచి ఆమె చివరిసారి ఫోన్ చేసినప్పుడు "మహేంద్రన్‌తో చెప్పండి" అంది. ఆపైన గరగరమని చప్పుడు. నేను హలో హలో అంటూనే ఉన్నాను, లైను తెగిపోయింది. మళ్ళీ మాట్లాడే అదృష్టం కలగలేదు. జరిగింది జరిగినట్టు మహేంద్రన్‌కి చెప్పాను. అతను నమ్మలేదు. అక్క తనకేదో చెప్పి పోయిందనీ, నేను దాన్ని మింగేశాననీ బంధువులందరికీ చెప్పుకున్నాడు.

నేను డిగ్రీ చదివి ముప్పై ఏళ్ళు మిల్లులో టెలిఫోన్ ఎక్స్ఛేంజి చూసినవాణ్ణి. ఆదివారం కూర్చుని రూటరు సెట్టింగులు తెరిచాను. వీడియో లారీ లాంటిది, కాస్త ఆగినా సరుకు చేరుతుంది. మాట సైకిలు మీద పోయే మనిషి. ఇరుకు గేటులో లారీ వెనక చిక్కుకుంటే, చేరేసరికి అక్కడ పని అయిపోయి ఉంటుంది. అందుకే ఫోన్ మాటలు ముందు పోవాలి, మిగతావన్నీ వాటి వెనక పోవాలి అని పెట్టాను. ఏ ఇంటి మాటలు అన్న తేడా అందులో లేదు.

సోమవారం, మంగళవారం ఒక్క ఫోనూ తెగలేదు. బుధవారం మధ్యాహ్నం మహేంద్రన్ ఒక కుక్కను పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. వీడియో మసకబారుతోందని అతను కనెక్షన్ ఇచ్చినవాళ్ళ మెకానిక్‌ని పిలిపించాడట. ఆ మెకానిక్ చూసి, వాయిస్‌కి మున్నురిమై పెట్టారని చెప్పిపోయాడట. మున్నురిమై అంటే ముందు హక్కు, అరవ మాట. మావాళ్ళ చెవిన ఆ మాట పడితే కంప్యూటర్లు గుర్తు రావు, గుడి గుర్తొస్తుంది. పొంగలి పండగకు పూజారి మొదట ఎవరి తలకు మర్యాదగా పరివట్టం గుడ్డ చుట్టాలన్న తగాదాలో మా తాతల కాలంలో ఏడేళ్ళు పండగే ఆగిపోయింది. ఆ ఏడేళ్ళూ అమ్మవారికి పొంగలి లేదు, ఒక్కరూ తగ్గలేదు. తగ్గనివాళ్ళలో మహేంద్రన్ తాత ఒకడు.

ముందు హక్కు గదికి కాదనీ, గొంతుకనీ, అతను ఫోన్ చేసినా అదీ ముందే పోతుందనీ చెప్పాను.

"గొంతు ఎవురిది బావా?" అన్నాడు. "కాలనీ పిల్లది. దానికి మొదుటి మరియాద, నాకు రెండోదా? కట్టుగుడ్డ అమ్మే పిల్ల తలకి నీ చేత్తోనే పరివట్టం చుట్టినావు."

మారిసెల్వి ఊరి చివర దళితుల కాలనీ నుంచి టౌన్ బస్సులో వస్తుంది. వాళ్ళ ఇంట్లోనూ తెలుగే, మా ఇంట్లోనూ తెలుగే. మహేంద్రన్ లెక్కలో ఆ రెండూ ఒకటి కావు. ఆ పిల్ల హెడ్‌సెట్టు మెడలోకి జార్చుకుని గుమ్మంలోకి వచ్చింది.

"పరివట్టం నాకేంటికి సార్? గుడ్డ మా దగ్గర కట్టలు కట్టలుగా ఉండాది," అంది. "నేను చెప్పేది అవతలోళ్ళకి వినపడితే సాలు."

మహేంద్రన్ ఆమె వైపు చూడలేదు. నాతోనే మాట్లాడాడు. "మా అక్క మాట తెగిపోయిందంటివి. మూడేండ్లుగా అదే చెప్తాండావు. దీని మాట మాత్రం తెగకూడదా?"

అతను తాడు బిగబట్టినందుకు కుక్క దగ్గింది. అంత కోపంలోనూ అతని వేళ్ళు పోయి దాని మెడపట్టీని వదులు చేశాయి. తాను చేశానని కూడా అతనికి తెలిసినట్టు లేదు.

సాయంత్రానికి అతను రూటరును గోడ మీద నుంచి ఊడదీసి తన వంటింట్లో పెట్టుకున్నాడు. నేను పెట్టిన సెట్టింగులన్నీ చెరిపేసి, వాటిలోకి పోయే పాస్‌వర్డ్ మార్చేశాడు.

గురువారం పదిన్నరకు వెళ్ళి తలుపు తట్టాను. తెరవలేదు, కిటికీలోంచి మాట్లాడాడు. పదకొండుకు బెంగుళూరువాళ్ళు పిల్లకుక్కల్ని చూస్తారట, లైవ్ ఆపేది లేదన్నాడు. ఆపమనడం లేదనీ, ఆ ఒక్క సెట్టింగు రెండు గంటలు ఉంచితే చాలనీ, ఒక పిల్ల పని పోతుందనీ చెప్పాను.

"మా అక్క కడపటి మాట చెప్పు," అన్నాడు. "రెండు గంటలు ఇస్తాను."

ఒక్క అబద్ధం సరిపోయేది. తమ్ముణ్ణి తలుచుకుని ఏడ్చిందనో, ఇల్లంతా అతనికే ఇమ్మందనో, ఏదన్నా నమ్మేవాడు. అతని మొహం కిటికీ కమ్మీలకు ఆనుకుని ఉంది. కానీ పాపాత్తి అనని మాటను నేను పాపాత్తి నోట పెట్టలేను.

"నాకు వినపడలేదు మహేంద్రా," అన్నాను.

కిటికీ రెక్క నా మొహం మీదే మూశాడు.

పదకొండుకు మొదటి ఫోను ఒంగోలు నుంచి వచ్చింది. నేను పక్క సందులో నిలబడ్డాను. లోపల మారిసెల్వి గొంతు నెమ్మదిగా మొదలై, పైకి లేచి, చివరికి ఒక్క మాట దగ్గర నిలిచిపోయింది. "హలో, వినపడుతాందా? హలో?" పెరట్లో మహేంద్రన్ కుక్కల పేర్లు పిలుస్తున్నాడు.

అప్పుడు వాళ్ళ వంటింటి తలుపు తీసుకుని మహేంద్రన్ భార్య సుగంధి సందులోకి వచ్చింది. చేతిలో బియ్యం కడిగిన నీళ్ళ గిన్నె. నా వైపు చూడకుండా ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకు పోస్తూ మాట్లాడింది.

"అన్నా, మా యమ్మకి చెవి సరిగా వినపడదు, నీకు తెలుసు. ఈ మూడు దినాలు చోళపురం నుంచి ఆమె చెప్పింది నాకు, నేను చెప్పింది ఆమెకి తెగకుండా వినపడినాది. నిన్న సాయంత్రం నుంచి మళ్ళా సగమే." గిన్నె వంచి చివరి చుక్క దాకా పోసింది. "పాస్‌వర్డ్ కుక్క పేరుదా, ఇంకేముంటాది ఆయనకి. కరుప్పి. దాని పక్కన ఒకటి రెండు మూడు."

తెల్ల కుక్కకు దిష్టి తగలకూడదని కరుప్పి, అంటే నల్లపిల్ల, అని పేరు పెట్టుకున్నాడు. అతనికి తెలిస్తే ఏమవుతుందని అడిగాను.

"అరుస్తారు. దినమూ అరిసేదే," అని లోపలికి పోయింది.

సందులో నిలబడే నా ఫోన్లో సెట్టింగులు తెరిచాను. తొందరలో కరుప్పిని రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి తెరుచుకుంది. ఫోన్ మాటలు ముందు. అది అమలు కావడానికి అర నిమిషం పట్టింది. లోపల మారిసెల్వి ఇంకో హలో అని, అక్కడితో ఆగిపోయింది. తరువాత ఆమె గొంతు మామూలుగా వినిపించింది. వెడల్పు అడుగుతోంది, కట్టలు అడుగుతోంది, "రాసుకున్నాను అక్కా" అంటోంది. ఎవరిని అక్కా అందో ఆ ఒంగోలు నర్సమ్మ ఏమందో గానీ, మారిసెల్వి నవ్వింది. "మాది రాజపాళయం, మేము ఇట్లాదా మాట్లాడేది," అని అరవం నుంచి వచ్చిన మా 'దా'ను నొక్కి చెప్పడం వినిపించింది.

ఒంటిగంటకు సుందర నాకు ఫోన్ చేశాడు. మొదట్లో కొంచెం తెగినా తరువాత ఏ ఫోనూ తెగలేదనీ, ఆ పిల్లను మార్చడం లేదనీ, గది నాదే కాబట్టి నాకూ చెబుతున్నాననీ అన్నాడు. ఆ సంగతి మారిసెల్వికి చెప్పాను. ఆమె లేచి ఫ్యాను వేసి, కళ్ళు మూసుకుని దాని కింద నిలబడింది.

మహేంద్రన్‌కి సాయంత్రానికి తెలిసిపోయింది. గోడ అవతల అరుపులు, గిన్నె పడిన చప్పుడు. సుగంధి అరవలేదు. రూటరు మీద మళ్ళీ చెయ్యి పడితే చోళపురం బస్సు ఎక్కుతానని ఒక్కసారే చెప్పింది. అవతల అరుపు ఆగింది. రూటరు వాళ్ళ వంటింట్లోనే ఉండిపోయింది, సెట్టింగు అట్లాగే ఉంది.

దీపాలు పెట్టే వేళకు అతను పెరటి మెట్ల మీద కూర్చుని మంసాపురంలో ఉన్న వాళ్ళ పెదనాన్నకు ఫోన్ చేశాడు. నాకు వినపడాలనే గొంతు పెంచాడు. అక్క మాట మింగినవాడినట నేను. కాలనీ పిల్లకు మరియాద చేసి తోడబుట్టిన తమ్ముణ్ణి తోసేసినవాడినట. ఇప్పుడు తన పెండ్లాన్ని కూడా తన మీదికి తిప్పినానట. చదువుకున్న దొంగ అన్నాడు. ఆ పెద్దాయన మధ్యలో ఏదో అడుగుతుంటే ఆగి, విని, దానికి జవాబు చెప్పి మళ్ళీ తిట్టాడు. అతని ఇంట్లోంచి నెట్‌లో పెట్టిన ఏదో సినిమా చప్పుడు కూడా వస్తోంది.

నేను ముందు గదిలో మారిసెల్వి కుర్చీలో కూర్చుని అంతా విన్నాను. ఇరవై నిమిషాల్లో అతను ఒక్కసారి కూడా "హలో, వినపడుతాందా" అనలేదు.