ఆ ఇల్లు ఎవరిదండీ?

బస్తా విప్పకుండానే అందులో కుళ్ళు ఉందో లేదో చెప్పగల మనిషి తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో పాండురంగారావుగారు. గోనె సందులోంచి రెండు వేళ్ళు దూర్చి ఒక పాయను మెడ దగ్గర నొక్కి చూస్తారు. మెడ గట్టిగా ఉంటే సరుకు నిలవుంటుంది. మెత్తగా ఉంటే, పైపొర ఎంత నిగనిగలాడుతున్నా ఆ బస్తా ఆ పూటే తెగనమ్మేయాలి. కప్పి ఉంచితే పక్క బస్తాలు కూడా పోతాయి. వ్యాపారంలో ఆయన ఈ లెక్క ఎన్నడూ తప్పలేదు. ఇంట్లో తప్పారు. పాఠకులు తమ ఇళ్ళల్లో కూడా ఒకసారి లెక్క చూసుకుంటారన్న ఆశతోనే ఈ కథ చెప్పడం.

కర్నూలు లారీలు దిగిన ఒక ఉదయం వేలంపాట ముగిశాక, పక్క కొట్టు శ్రీరంగనాయకులుగారు టీ గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చున్నారు.

“‘రెండో మంచం’ చదివారా అండీ? నవల. ఏలూరావిడ, సరళగారని, రాశారు. అది పట్టుకున్నాక మా ఆవిడ కూరలో ఉప్పు వెయ్యడం మానేసింది.”

“నవలలు మనకెందుకండీ. ఇంతకీ ఏముందందులో?”

“అక్కచెల్లెళ్ళ కథ. పెద్దదానికి మూర్ఛలు. చిన్నదానికి మంచి సంబంధం వస్తుంది. మగపెళ్ళివారికి తెలిస్తే తప్పిపోతుందని, తండ్రి పెద్దదాన్ని తీసుకెళ్ళి కొల్లేటి వైపు చేపల చెరువుల మీద ఓ ఇంట్లో పెట్టేస్తాడు. దాని మంచం ఎత్తి అటక మీద పడేస్తారు. తండ్రి వ్యాపారస్తుడంట. ఇప్పుడు ఊరంతా ఒకటే మాట, ఆ ఇల్లు ఎవరిదండీ అని. మన గూడెం వాడే అంటుంది మా ఆవిడ. కాదు, భీమవరం వాడంటుంది మా వదిన.”

“తండ్రినేమంటున్నారు?”

“తలో మాటానూ. వాణ్ణి ఆ చెరువులోనే ముంచాలని కొందరు. రెండోదాని బతుకు చూసుకోవద్దా, వాడు మాత్రం ఏం చేస్తాడని కొందరు. మా ఆవిడతో నేనూ ఆ మాటే అన్నాను. రాత్రి నాకు భోజనం పెట్టలేదు.”

పాండురంగారావుగారు నవ్వారు. ఎదుటివాడు ధర చెప్పినప్పుడు మనసులో మాట ముఖంలోకి రానివ్వకుండా నవ్వడం ఆయనకు అలవాటు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్తే, ఆయన భార్య వీరరాఘవమ్మగారి ఒళ్ళో అదే పుస్తకం ఉంది. ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి.

“ఏం రాసిందేమిటావిడ?” అన్నారాయన, విస్తరి ముందు కూర్చుంటూ.

“చదువుకోండి,” అని పుస్తకం పీట పక్కన పెట్టి, వడ్డించి, లోపలికి వెళ్ళిపోయిందావిడ.

కొట్టు వెనకాల కూర్చుని చదవడం మొదలుపెట్టారు. నాలుగో అధ్యాయంలో పెద్దపిల్ల పడిపోతే, తల్లి తాళాలగుత్తి తెచ్చి గుప్పిట్లో పెడుతుంది. తండ్రి ఉల్లిపాయ దంచి ముక్కు దగ్గర పెడతాడు. ఆ మాట దగ్గర పాండురంగారావుగారు ఆగిపోయారు. ఇన్ని వస్తువులుండగా ఉల్లిపాయే ఎందుకు? చెరువులు, చెల్లెలి పెళ్ళి, పైగా ఉల్లిపాయ. ఇది తమ ఇల్లే. ఎవరో చెప్పారు.

ఆయనకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయి వీరదుర్గకు పదమూడో ఏట మూర్ఛలు మొదలయ్యాయి. మాత్రలు మానకుండా వేస్తే అందరిలాగే చదువుకుంటుంది, సంసారం చేసుకుంటుందని ఏలూరు డాక్టరుగారు స్పష్టంగానే చెప్పారు. కానీ మాత్రలు గూడెంలో కొంటే మందుల షాపువాడికి తెలుస్తుంది. అందుకని విజయవాడ నుంచి తెప్పించేవారు. తర్వాత చిన్నమ్మాయి సాయిదుర్గకు ఏలూరు బట్టల వ్యాపారస్తుల సంబంధం వచ్చింది. పెద్దమ్మాయి విజయవాడ హాస్టల్లో ఉండి చదువుకుంటోందని, ఇప్పుడే పెళ్ళి వద్దంటోందని వాళ్ళకు చెప్పి, వీరదుర్గను పెదపాడు అవతల తమ చేపల చెరువుల మీద ఉన్న ఇంట్లో కాపలావాళ్ళ దగ్గర ఉంచారు. పెళ్ళి కాగానే తీసుకొచ్చేద్దామనుకున్నారు. కాగానే వియ్యాలవారి రాకపోకలు మొదలయ్యాయి. పండుగలు, పురుళ్ళు, ఏదో ఒకటి. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి రోజూ ఎంతో కొంత ఖర్చవుతూనే ఉంటుంది. ఆ ఖర్చు ఈ ఇంట్లో వీరదుర్గ ఒక్కతే భరించింది.

మాత్రలు చేపల వ్యానులో వెళ్ళేవి. ఒక వానాకాలం కొల్లేరు పొంగి రోడ్లు మునిగాయి. అదే వారం మార్కెట్లో ఉల్లి ధర ఆకాశానికెక్కింది. రేపు పంపుదామనుకుని పాండురంగారావుగారు సరుకు మీద పడ్డారు. మాత్రలు అందలేదు. చెరువు గట్టు మీద నడుస్తూ నడుస్తూ వీరదుర్గ పడిపోయింది, నీళ్ళవైపుకి. ఊరికి జ్వరమని చెప్పారు. అప్పుడు నెలలు నిండి ఉన్న సాయిదుర్గకూ జ్వరమనే చెప్పారు.

నవలలో పెద్దపిల్ల ఒకరోజు తనే బస్సెక్కి ఇంటికి వచ్చేస్తుంది. అటక మీది మంచం చూసి తిరిగి వెళ్ళిపోతుంది. పాండురంగారావుగారింట్లో మంచం అటక ఎక్కలేదు, ఎవరికో ఇచ్చేశారు. వాళ్ళ పిల్ల బస్సెక్కలేదు. సరుకు తేడాలు వేలికొసతో పట్టే ఆ మనిషికి, ఆ పుస్తకానికీ తన ఇంటికీ ఉన్న ఇన్ని తేడాల్లో ఒక్కటీ కనపడలేదు.

వ్యాపారస్తుడికి ఏ కష్టమొచ్చినా వ్యాపారం చేసినట్టే గట్టెక్కాలనుకుంటాడు. మర్నాడే గుమాస్తాను పంపి గూడెం పుస్తకాల షాపులో ఉన్న కాపీలన్నీ కొనిపించారు. ఆ తర్వాత ఏలూరులో ఉన్నవీ, భీమవరంలో ఉన్నవీ. అన్నీ గోదాములో ఒక మూల పేర్చి పైన గోనె పరదా కప్పారు. చదవడానికి పుస్తకం లేకపోతే మాట దానంతటదే చల్లారుతుందని లెక్క.

ఒక్కడే సరుకంతా ఎత్తేస్తే బజారు మొత్తం అటే చూస్తుందని కుర్ర వ్యాపారులకు నేర్పినవాడు ఆయనే. ఆ సంగతి మర్చిపోయారు. షాపువాళ్ళు మళ్ళీ ఆర్డరిచ్చారు. పబ్లిషరు రెండోసారి అచ్చు వేస్తున్నాడని తెలిసింది. మార్కెట్లో హమాలీలు కూడా నవలంటే ఏమిటని అడగడం మొదలుపెట్టారు.

“ఏవండీ, పుస్తకాలు కూడా నిలవ పెడుతున్నారంట,” అన్నారు శ్రీరంగనాయకులుగారు. “వర్షాలకి ధర పెరుగుతుందంటారా?” నవ్వుతూనే అన్నారు గానీ, ఆ నవ్వు చివర్లో ఆయన కళ్ళు పాండురంగారావుగారి ముఖం మీద కాసేపు ఆగాయి. ఆ చూపుకి అర్థం పాండురంగారావుగారికి బాగా తెలుసు. బస్తా మెడ నొక్కి చూసే చూపది.

ఇక లాభం లేదని ఏలూరు వెళ్ళి సరళగారి ఇల్లు వెతుక్కుంటూ తలుపు కొట్టారు. సన్నగా, నెరిసిన జుట్టుతో ఉన్నావిడ కుర్చీ చూపించి మంచినీళ్ళు తెచ్చింది.

“ఆ పుస్తకం రెండోసారి అచ్చు వెయ్యకుండా ఆపించండమ్మా,” అన్నారాయన. “మాకూ పరువుంది. మా ఇంటి సంగతి మీకెవరు చెప్పారో ముందు ఆ పేరు చెప్పండి.”

“మీరు ఎవరింటివారండీ?”

“తెలియనట్టు అడుగుతారేంటండీ. ఉల్లిపాయ అని రాశారు కదా మీరు.”

ఆవిడ కోప్పడలేదు.

“మూర్ఛొస్తే ఉల్లిపాయ వాసన చూపించని ఇల్లు ఈ చుట్టుపక్కల ఎక్కడుందండీ? మా మేనత్తకి మా అమ్మ చూపించేది. అదే రాశాను. దెందులూరు నుంచి ఒక పెద్దాయన వచ్చి, మా ఇల్లు బజారున పెట్టావని గుమ్మంలో నిలబడి తిట్టి వెళ్ళారు. పెంటపాడు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, మా చెల్లెలి సంగతి మీకెలా తెలిసిందని ఏడ్చారు. పరువు నష్టం దావా వేస్తామని ఒకళ్ళు. నేనెవరో వాళ్ళకి తెలియదు, వాళ్ళెవరో నాకూ తెలియదు.” ఆవిడ గొంతు తగ్గింది. “ఒక్క ఇల్లు ఊహించుకుని రాశానండీ. ఇన్ని ఇళ్ళున్నాయని నాకు తెలీదు.”

పాండురంగారావుగారు మంచినీళ్ళు ముట్టకుండానే లేచారు.

రోడ్డు మీద నడుస్తూ ఆయన మళ్ళీ లెక్క చూసుకున్నారు. ఇన్నేళ్ళూ లోకంలో ఇలాంటి మచ్చ తన ఇంటికి ఒక్కదానికే ఉందనుకుని మోశారు. ఆ ఒక్క లెక్క మీదే కూతుర్ని దూరం చేసుకున్నారు. తీరా చూస్తే బజారులో సగంమంది అదే సరుకు, ఒకరికి తెలియకుండా ఒకరు, పరదా కప్పి కూర్చున్నారు.

ఊళ్ళోకి వచ్చి కూతుర్ని చూడకుండా వెళ్ళడం బాగుండదని సాయిదుర్గ ఇంటివైపు తిరిగారు. గుమ్మంలో అడుగు పెట్టగానే వాసన తగిలింది. అది ఆయన బట్టలకుండే వాసన కాదు. దంచిన పచ్చి ఉల్లిపాయ వాసన.

హాల్లో సోఫా మీద మనవరాలు భార్గవి పడుకుని ఉంది. ఏడో తరగతి చదువుతున్న పిల్ల. కుడిచేతి గుప్పిట్లో తాళాలగుత్తి ఉంది.

అల్లుడు కిరణ్ కుమార్ ఎదురొచ్చాడు. “మంచి టైముకి వచ్చారు మామయ్యగారూ. మీకే ఫోన్ చేద్దామనుకుంటున్నాం. స్కూల్లో పడిపోయింది. పోయిన నెల్లో ఇంట్లో కూడా ఓసారి పడింది. మా అమ్మ ఏమంటోందంటే, కొన్నాళ్ళు మీ చెరువుల దగ్గర ఉంచుదామని. గాలీ బాగుంటుంది, నలుగురి కంటా పడదు. స్కూల్లో కామెర్లని చెబుదాం.”

సాయిదుర్గ తలుపు దగ్గర నిలబడి తండ్రి వైపు చూస్తోంది. ఆవిడకు తన అక్క మూర్ఛలు తెలుసు. అత్తవారింట్లో ఇన్నేళ్ళూ ఆ మాట ఎత్తలేదు, ఎత్తకూడదని తల్లిదండ్రులు ఒట్టు వేయించుకున్నారు గనక.

“చెరువుల దగ్గరికి వద్దు బాబూ,” అన్నారు పాండురంగారావుగారు. “హాస్పిటల్‌కి పదండి.”

“అదే, రేపు విజయవాడ తీసుకెళ్దామా? ఇక్కడైతే అందరూ తెలిసినవాళ్ళే.”

“ఇక్కడికే. ఇప్పుడే.”

హాస్పిటల్ హాలు నిండుగా ఉంది. కిరణ్ కొట్లో బట్టలు కొనేవాళ్ళు ఇద్దరు పలకరించారు. బల్ల దగ్గర పెర్సిస్ అనే నర్సు, భార్గవి పేరు, వయసు రాసుకుని అడిగింది.

“మూర్ఛలు మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఉన్నాయా అమ్మా? డాక్టరుగారికి అది తెలియాలి.”

“లేవండీ,” అంది సాయిదుర్గ వెంటనే. తడుముకోలేదు. బాగా నేర్పిన జవాబు.

పాండురంగారావుగారు కుర్చీలోంచి లేచారు. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. ఆ ఒక్క మాటతో చిన్నకూతురి సంసారం ఏమవుతుందో ఆయన వేసుకున్న లెక్క ఇన్నేళ్ళూ ఒకటే. అవతలి వైపు ఏముంటుందో ఎప్పుడూ వేసుకోలేదు. ఇప్పుడు అవతలి వైపు భార్గవి కూర్చుని ఉంది.

“ఉన్నాయమ్మా,” అన్నారు. “మా పెద్దమ్మాయికి ఉండేవి. ఈ పిల్ల పెద్దమ్మకి.”

కిరణ్ కుమార్ మెల్లగా తల తిప్పి భార్య వైపు చూశాడు. ఆమె తండ్రి వైపు చూసింది.

“మందులు వాడేవారాండీ? ఇప్పుడావిడెలా ఉన్నారు?” అంది పెర్సిస్.

“వాడేదమ్మా. దాచి పంపేవాళ్ళం. ఒకసారి అందలేదు. గట్టు మీంచి చెరువులో పడిపోయింది.”

“జ్వరం అన్నారు నాన్నా,” అంది సాయిదుర్గ.

“అన్నానమ్మా.”

పెర్సిస్ కలం కింద పెట్టింది. “మూర్ఛ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండమ్మా, తగిలే వస్తువులు తీసెయ్యండి. తాళాలూ ఉల్లిపాయలూ వద్దు. మాత్రలు మానకుండా వేస్తే చాలామందికి అదుపులోనే ఉంటుంది.”

సాయిదుర్గ వంగి కూతురి గుప్పిట విప్పి, ఆ తాళాలగుత్తి తీసి తండ్రి చేతిలో పెట్టింది. పిల్లను పట్టుకుని లోపలికి వెళ్ళింది. కిరణ్ కుమార్ కాసేపు నిలబడి, వాళ్ళ వెనకాలే వెళ్ళాడు. పాండురంగారావుగారిని ఎవరూ రమ్మనలేదు.

ఆ తర్వాత సాయిదుర్గ గూడెం రాలేదు. తల్లితో ఫోన్‌లో మాట్లాడుతుంది, తండ్రి పక్కనున్నాడని తెలిస్తే పెట్టేస్తుంది. అత్తగారికీ ఆమెకూ మాటలు లేవు. కిరణ్ కుమార్ మాత్రం పిల్లను రోజూ తనే స్కూల్లో దింపుతున్నాడు. భార్గవి మాత్రలు టీచరుకు తెలిసే వేసుకుంటోంది. ఇంతవరకూ మళ్ళీ పడలేదు. వచ్చిన లాభం ఇదొక్కటే. వీరదుర్గ ఖాతాలో పోయినదానికి ఇది జమ కాదని పాండురంగారావుగారికి తెలుసు.

మళ్ళీ లారీలు దిగిన రోజున ఆయన గోదాములో పరదా తీసి, పుస్తకాలన్నీ కొట్టు అరుగు మీద పెట్టించారు. వేలంపాట ముగిశాక శ్రీరంగనాయకులుగారు వచ్చి నిలబడ్డారు. ఈసారి నవ్వలేదు.

“అందరూ అడుగుతున్నారండీ,” అన్నారు మొహమాటంగా. “ఆ ఇల్లు ఎవరిదని.”

“మాదేనండీ,” అన్నారు పాండురంగారావుగారు, ఒక పుస్తకం తీసి ఆయన చేతికిస్తూ. “జబ్బు మా పిల్లని చంపలేదు. నలుగురికీ తెలుస్తుందని మేం దాచిపెట్టడం చంపింది. ఊరికే తీసుకెళ్ళండి. చదివాక, ఇది మీ ఇల్లు కాదని నమ్మకం కుదిరితే తెచ్చి ఇచ్చెయ్యండి.”

ఆ రోజు చాలామంది తీసుకెళ్ళారు. ఇప్పటివరకు ఒక్కరూ తెచ్చి ఇవ్వలేదు.