ఐతయ్య చెట్టు నీడ

జంపక్క మూడో సోలార్ ప్లేటు తుడుస్తుండగా చినుకు మళ్ళీ మొదలైంది. తుడిచిన చోటే తడుస్తుంటే ఎవరికైనా విసుగు పుడుతుంది. ఆమెకు పుట్టదు. చీర కొంగు నడుముకు దోపుకుని, వెదురు కర్రకు చుట్టిన పాత బట్టను బకెట్లో ముంచి, పిండి, అద్దం మీద పైనుంచి కిందికి ఒక్క ఊపున లాగుతుంది. వానే కడుగుతుంటే మధ్యలో నువ్వెందుకని గుంపులో వాళ్ళు ఎగతాళి చేస్తారు. వాన ఆకుల్ని కడగదు, అద్దానికి అంటిస్తుంది. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళు వినరు కాబట్టి ఆమె చెప్పడం మానేసింది.

తునికిగుంపు అనే ఆ చిన్న గూడెం ములకలపల్లి దాటి అడవిలోకి చాలా లోపల ఉంటుంది. రిజర్వు అడవి కావడంతో కరెంటు స్తంభాలకు అనుమతి రాలేదు. అడిగినవాళ్ళు అడుగుతూనే ముసలివాళ్ళయ్యారు. చివరికి ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు సోలార్ ప్లేట్లు తెచ్చి, ఇనుప చట్రాల మీద బిగించి, బ్యాటరీలకు పక్కనే చిన్న గది కట్టి, ఇంటికో బల్బు, నీళ్ళ ట్యాంకుకు ఒక మోటారు ఇచ్చిపోయారు. చూసుకోవడానికి ఒక మనిషి కావాలన్నారు. మగవాళ్ళు కూలికి పోతారు, పడుచుపిల్లలు పెళ్ళిళ్ళయి పోతారు. ఎక్కడికీ పోని మనిషి ఎవరా అని చూస్తే జంపక్క కనబడింది. అంతకు మించిన గొప్ప ఆమెలో ఎవరూ చూడలేదు. ఆమె కూడా చూసుకోలేదు.

యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ముంజేతుల మీద పచ్చబొట్లు వెలిసిపోయి నీలపు మరకల్లా మిగిలాయి. భర్త ఐతయ్య ఒక వానాకాలం జ్వరంలో పోయాడు. ఇద్దరు కూతుళ్ళూ వాగు అవతలి ఊళ్ళలో కాపురాలు చేసుకుంటున్నారు. పొద్దున ప్లేట్లు తుడవడం, బ్యాటరీ గది ఊడవడం, మోటారు వేయడం, సాయంత్రం లైట్ల స్విచ్చి నొక్కడం, ఇదే ఆమె రోజు. వాన పట్టిన దగ్గర్నుంచి మాత్రం ఆ స్విచ్చి నొక్కలేదు. గుంపులో ఒక్క ఇంట్లో కూడా బల్బు వెలగడం లేదు. ఉన్న కాస్త కరెంటూ బొజ్జయ్య ఊపిరికి పోతోంది.

బొజ్జయ్య గుంపుకు పెద్ద. వయసులో ఉన్నప్పుడు కంకర క్వారీలో రాళ్ళు పగలగొట్టడానికి పోయి, ఆ దుమ్మంతా రొమ్ములో నింపుకుని వచ్చాడు. ఎండాకాలం చివర్లో భద్రాచలం దవాఖానాలో చాలా రోజులు ఉంచి, ఇంక ఇంటి దగ్గరే ఉండాలి, గాలి మిషన్ ఆగకూడదు అని చెప్పి పంపారు. మిషన్ కూడా ఆ సంస్థవాళ్ళే ఇచ్చారు. అది పనిచేస్తే బొజ్జయ్య మాట్లాడతాడు, జావ తాగుతాడు, నవ్వుతాడు కూడా. అది ఆగితే ఏమవుతుందో మొన్న ఒక పూట అందరూ చూశారు. మళ్ళీ చూడాలని ఎవరికీ లేదు.

చినుకు తగ్గాక జంపక్క బ్యాటరీ గదిలోకి వెళ్ళింది. ఇన్వర్టరు మీద ఎర్ర లైటు కొట్టుకుంటోంది. నిన్నటి దాకా అప్పుడప్పుడూ కీచుమనేది, ఇప్పుడు ఆగకుండా కీచుమంటోంది. బ్యాటరీలు అయిపోవస్తున్నాయని దాని అర్థం. గది వెనక బండ ఎక్కితేనే సిగ్నల్ దొరుకుతుంది. తడి బండ మీద చేతులు ఆనించి ఎక్కి, పాల్వంచలో ఉండే మెకానిక్ ప్రభాకర్‌కు ఫోన్ చేసింది.

"వాగొడ్డునే ఉన్ననక్కా," అన్నాడతను. "గాలి సిలిండర్ బండి మీద కట్టుకొని వచ్చిన. నీళ్ళు నడుము మీదికి ఉన్నయ్. మీ మగోళ్ళు గూడ అవతలి ఒడ్డున నిలబడి చూస్తున్నరు. రేపు పొద్దుగాలకు దిగుతదంటున్నరు."

"ఎర్ర లైటు ఆగుతలేదు సారు."

"గట్లయితే బ్యాటరీ రాత్రి దాకా రాదక్కా. మధ్యాన్నం ఎండ కొడితేనే మళ్ళ నిండుతది. గిక్కడ మబ్బు ఇరుగుతున్నది. కానీ మీ దగ్గర మధ్యాన్నం..."

"తెలుసు," అంది జంపక్క.

"నేను చెట్టు కొట్టమంటలేను. ఒక్క ప్లేటు మీద నీడ పడ్డా వరుస మొత్తం కరెంటు పడిపోతది, అదే చెప్తున్న. పెద్దమనిషిని జర చూస్కోర్రి."

ఆమె ఫోన్ కొంగులో ముడివేసుకుని, బండ మీద నుంచే చెట్టు వైపు చూసింది. ప్లేట్లకు పడమటి పక్కన ఐతయ్య ఇప్పచెట్టు. దాని పెద్ద కొమ్మ ఒకటి వంగి, ప్లేట్ల మీదుగా వాలి ఉంటుంది. పొద్దు నెత్తి మీద నుంచి దిగడం మొదలయ్యిందంటే ఆ కొమ్మ నీడ అద్దాల మీదికి పాకుతుంది.

ఈ చోటు ఎలా కుదిరిందో తలుచుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. అడవిలో ప్రతి ఇప్పచెట్టుకూ ఒక ఇల్లు ఉంటుంది. ఆ ఇంటివాళ్ళు తప్ప ఇంకొకరు దాని పువ్వు ముట్టరు. పూలకాలం వస్తే చెట్టు కింద ఎండుటాకులు కాల్చి, నేలను నున్నగా ఊడ్చి పెట్టుకుంటారు, పువ్వుకు మట్టి అంటకూడదని. ఆ కాలంలో చెట్టుకు ఒక్క ఆకు ఉండదు. సంస్థవాళ్ళు వచ్చింది సరిగ్గా అప్పుడు. పొద్దంతా ఎండ పడే శుభ్రమైన బయలు ఎక్కడుందని అడిగితే, బొజ్జయ్య వాళ్ళను చేయి పట్టుకుని తీసుకొచ్చి ఐతయ్య చెట్టు పక్కన నిలబెట్టాడు. నిజంగానే పొద్దంతా ఎండ. అడవిలో పుట్టి పెరిగినవాళ్ళు, ఆ చెట్టు ఎప్పుడు చిగురేస్తుందో నిద్రలో అడిగినా చెప్పగలవాళ్ళు, ఒక్కరికీ చిగురు సంగతి గుర్తు రాలేదు. వాళ్ళ కళ్ళకు ఆ రోజు కనబడింది ఊడ్చిన నేల ఒక్కటే. వచ్చిన ఇంజనీర్లేమో అది ఎండిపోయిన చెట్టనుకున్నారు. చట్రాల కాళ్ళకు సిమెంటు పోసి అందరూ చప్పట్లు కొట్టాక, చెట్టు ఎర్రటి చిగురు వేయడం మొదలుపెట్టింది.

కొమ్మ కొట్టేద్దామని కుర్రవాళ్ళు అప్పుడే అన్నారు. బొజ్జయ్య ఒప్పుకోలేదు. తప్పు చెప్పింది నా నోరు, దెబ్బ చెట్టుకా అన్నాడు. అన్నం పెట్టే చెట్టుకు గొడ్డలి తగలడం గుంపులో ఎవరూ ఎరగరు. జంపక్క ఆ రోజు లోపల సంతోషించింది. కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు, ఎలుగుబంట్లు పువ్వు తినిపోకుండా ఐతయ్య ఆ చెట్టు కిందే పడుకునేవాడు. తెల్లారకముందే ఆమె జావ కుండ తీసుకుని వచ్చేది. ఆ పువ్వు ఏరే ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఐతయ్య పోయాక ఆమెకు మిగిలిన మనిషిలాంటిది ఆ చెట్టే.

బొజ్జయ్య ఇంట్లో మిషన్ బుస్సుమంటూ పనిచేస్తోంది. నులక మంచం మీద అతను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముక్కు కింద పైపు. మెడ నరాలు ఊపిరి తీసినప్పుడల్లా తాళ్ళలా పైకి లేస్తున్నాయి. కూతురు వనజ పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతోంది. ఆ గాలి వల్ల ఒరిగేదేమీ లేదని ఆ పిల్లకూ తెలుసు.

"ప్లేట్లకు... తానం పోసినవా?" అన్నాడు బొజ్జయ్య.

"పోసిన బావా. నీకన్న తెల్లగున్నయ్."

అతను నవ్వబోయి దగ్గాడు. దగ్గు తెగడానికి చాలాసేపు పట్టింది. తెగాక ఆమె కళ్ళలోకి చూశాడు.

"చెట్టు జోలికి... పోకు జంపా."

"ఎవరు పోతున్నరు బావా. పండుకో."

అబద్ధం చెప్పేటప్పుడు జంపక్క నేల వైపు చూస్తుంది. బొజ్జయ్యకు ఆ సంగతి తెలుసు. అయినా కళ్ళు మూసుకున్నాడు.

ప్రభాకర్ చెప్పినట్టే మబ్బు విరిగింది. ముందు కొండ మీద వెలుగు కనబడింది, తర్వాత గుంపు మీదికి ఎండ దిగింది. తడిసిన గోడలు ఆవిర్లు కక్కాయి. ఆడవాళ్ళు ముక్కిపోయిన గుడ్డలు బయట ఆరేశారు. జంపక్క బ్యాటరీ గదికి పరుగెత్తింది. కీచుమనడం ఆగింది. ఎర్ర లైటు పోయి పసుపు లైటు వచ్చింది. గుమ్మం దగ్గరే కూలబడి దండం పెట్టుకుంది.

ఆ దండం పూర్తి కాకముందే నీడ వచ్చింది. చివరి ప్లేటు మూల మీద ముందు నాలుగు ఆకులు కదిలాయి. తర్వాత కొమ్మ మొత్తం. లోపల మళ్ళీ కీచు. ఎండ ఆకాశం నిండా ఉంది, అడవి నిండా ఉంది, ఆ అద్దాల మీద తప్ప. ఆమెకు కోపం వచ్చింది. చెట్టు మీదో, ఐతయ్య మీదో, ఆ రోజు నోరెత్తని తన మీదో తెలియదు. ఇంటికి వెళ్ళి గొడ్డలి, తాడు, సీసాలో అడుగున మిగిలిన ఇప్పసారా తెచ్చుకుంది.

చెట్టు మొదట్లో సారా పోసి, బెరడు మీద అరచేయి పెట్టింది. "ఐతయ్యా, కోపం చేస్కోకు," అంది. "మనిషి పోతుండు."

కొమ్మ తలకు కాస్త పైన మాను నుంచి చీలుతుంది. అక్కడ నరికితే తిన్నగా ప్లేట్ల మీదే పడుతుంది. అద్దాలు పగిలితే ఈ రాత్రికే కాదు, ఏ రాత్రికీ కరెంటు ఉండదు. తాడు కట్టి పక్కకు లాగాలి. మగవాళ్ళందరూ వాగు దగ్గర ఉన్నారు. జంపక్క ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళను పిలిచింది. చివరికి బొజ్జయ్య ఇంటి గుమ్మంలో నిలబడి వనజకు చేయి ఊపింది.

వనజ బయటికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది. "నాయిన పక్కన ఎవరుంటరత్తా?"

"నిద్రపోతుండు గద. తాడు పట్టనీకి నీ అంత బలం ఎవరికుంది. రా, జల్దీ."

పిల్ల ఒకసారి లోపలికి చూసి, పైపు సరిచేసి, వచ్చేసింది.

జంపక్క చట్రం పక్కన బల్ల వేసుకుని ఎక్కి, కొమ్మకు తాడు కట్టింది. మొదటి దెబ్బకు గొడ్డలి జారింది. రెండో దెబ్బకు బెరడు లేచి, తెల్లటి పాలు కారాయి. ఆమె అటు చూడకుండా కొట్టింది. చెమట కళ్ళలో పడుతోంది, భుజాలు మండుతున్నాయి. కింద ఆడవాళ్ళు తాడు బిగించి మడమలు నేలలో పాతుకుని నిలబడ్డారు. గదిలోంచి కీచు వినిపిస్తూనే ఉంది. కొమ్మ లోపల ఎక్కడో విరిగిన చప్పుడు వచ్చింది.

"గుంజుర్రి," అంది జంపక్క.

కొమ్మ ప్లేట్ల వైపే ఒరిగింది. వనజ తాడు భుజానికి చుట్టుకుని నేల మీదికి పడిపోయినంత పని చేసింది. మిగతావాళ్ళు ఆమె నడుము పట్టుకుని లాగారు. ఆకులు చివరి ప్లేటు అంచును రాసుకుంటూ పోయి, కొమ్మ పక్కనున్న బయల్లో పెద్ద చప్పుడుతో కూలింది. ఎర్రగా చెక్కపేళ్ళు ఎగిరాయి. పండీ పండని ఇప్పకాయలు నేలంతా చెదిరాయి.

జంపక్క బల్ల దిగి గదిలోకి చూసింది. కీచు లేదు. పసుపు లైటు కూడా పోయి, పచ్చ లైటు నిలకడగా వెలుగుతోంది. వనజ తాడు ఒరుసుకుపోయిన భుజం పట్టుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది. ఆడవాళ్ళు ఒకరి వీపు ఒకరు చరుచుకుంటున్నారు. అందులో ఒకామె నవ్వడం ఆపేసి వెనక్కి చూసింది.

బొజ్జయ్య చెట్టు మొదటికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముక్కు కింద పైపు లేదు. ఎప్పుడు వచ్చాడో, గోడలు పట్టుకుని, కంచెలు పట్టుకుని ఆ దూరం ఎలా నడిచాడో ఎవరికీ తెలియదు. మెడలోని తువ్వాలు తీసి ముందు పరుచుకుని, చేతికందిన కాయల్ని ఒక్కొక్కటే ఏరి దాని మీద వేస్తున్నాడు. పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి.

వనజ అతని పక్కన మోకాళ్ళ మీద పడింది. "నాయినా, పైపెందుకు తీసినవ్?"

"గొడ్డలి సప్పుడు... ఇప్పచెట్టుదని... ఎరుకైంది."

వనజ మంచం కోసం ఇంటి వైపు పరుగెత్తింది. ఇద్దరు ముగ్గురు ఆమె వెంట పోయారు. జంపక్క అతని వీపు వెనక చేయి వేసి పట్టుకుంది. చొక్కా కింద ఎముకలు చేతికి తగులుతున్నాయి. అతను తల ఎత్తి తెగిన చోటును చూశాడు. పాలు ఇంకా కారుతున్నాయి. తిడతాడని ఆమె చూసింది. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"తిట్టాలంటే ఇంట్లకు పోయి తిట్టు బావా. అంతా మంచిగైంది. రాత్రంతా గాలొస్తది."

బొజ్జయ్య ఇంకో కాయ తువ్వాలు మీద వేశాడు. "తొక్కకుర్రి," అన్నాడు చుట్టూ ఉన్నవాళ్ళతో. "జంప ఇంటియి."

మూట కట్టడానికి తువ్వాలు అంచులు దగ్గరికి లాగబోయాడు. వేళ్ళు కాసేపు ఆ గుడ్డ మీద పనిచేశాయి. జంపక్క చేతి కింద వీపు ఒకసారి బిగిసింది. ఆమె తర్వాతి ఊపిరి కోసం చూసింది. చూస్తూనే ఉంది. మంచం మోసుకుంటూ వస్తున్న వనజ అడుగుల చప్పుడు వినబడింది, కానీ ఆ ఊపిరి రాలేదు.

తానే పిలిచింది. పక్కన కూర్చున్న పిల్లను తానే లేపుకొచ్చింది. ఈ మాట జంపక్క ఎవరితోనూ అనలేదు. వనజ కూడా అనలేదు, ఆమె మెడ చుట్టూ చేతులు వేసి చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపు కంటే ఆ చేతులే జంపక్కకు ఎక్కువ బరువనిపించాయి.

బొజ్జయ్యను ఇంటికి మోసుకుపోయారు. వాగు దగ్గరి మగవాళ్ళకు కబురు వెళ్ళింది. పొద్దువాలే దాకా ఎండ మబ్బు అడ్డం లేకుండా కాసి, బ్యాటరీలు నిండిపోయాయి. శవం ముందు వెలుతురు కావాలని ఎవరో వచ్చి అడిగితే, జంపక్క వెళ్ళి స్విచ్చి నొక్కింది. గుంపులో బల్బులన్నీ వెలిగాయి, చావు డోలు మొదలైంది. ఆమె గదికి తాళం వేసి, గొడ్డలి కోసం చెట్టు దగ్గరికి వచ్చింది.

చెట్టు మొదట్లో బొజ్జయ్య తువ్వాలు పరిచినట్టే ఉంది, దాని మీద ఇప్పకాయలు, ఒక్క మూలకు మాత్రం ముడి సగం పడి ఉంది.