సున్నా మీద ముల్లు

నేను ఒక యంత్రాన్ని. ఫీల్డ్ మిల్లు అంటారు నన్ను. మిల్లు అనగానే సంచీ భుజాన వేసుకుని పిండి పట్టించుకోవడానికి బయల్దేరతారేమో, ముందే చెప్పేస్తున్నాను, నా దగ్గర పిండీ లేదు, నూకా లేదు. నాకున్నదల్లా బోర్లా తిరిగే ఒక స్టీలు రెక్కల చక్రం, దాని వెనక ఒక పళ్లెం. రెక్కలు ఆ పళ్లేన్ని మూస్తూ తెరుస్తూ తిరుగుతుంటే, నెత్తిన నిలిచిన మేఘంలో విద్యుత్తు ఎంత పోగుపడిందో నాకు తెలిసిపోతుంది. తెలిసినదాన్ని తీగ గుండా గదిలోని మీటరుకు పంపుతాను. మీటరు మధ్యలో సున్నా. మేఘాన్ని బట్టి ముల్లు ఎడమకో కుడికో వాలుతుంది. ఎంత వాలితే అంత ప్రమాదం. పిడుగు పడకముందే పసిగట్టే జాతి మాది. చెప్పుకోవడానికి గొప్పగానే ఉంటుంది.

నేను పుట్టింది ఒక నగరం సందులోని లేతు వర్కుషాపులో. అక్కడి మేస్త్రి నా రెక్కల అంచులు అరగదీస్తూ, "ఇదేం ఫ్యానయ్యా బాబూ, గాలి తగలదు, చల్లబరచదు" అని రోజంతా నవ్వాడు. నవ్వినా పని మాత్రం శ్రద్ధగానే చేశాడు. నన్ను మొదట కొనుక్కున్న ప్రొఫెసరు గారు శ్రద్ధలో అంతకు రెండాకులు ఎక్కువే చదివాడు. నా పుణ్యాన పరిశోధన పత్రాలు రాసుకున్నాడు, శాలువాలు కప్పించుకున్నాడు, ప్రమోషను రాగానే నన్ను మెట్ల కింద పడేసి తాళం వేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే కాబోలు. చాలాకాలం అక్కడే సాలీళ్లతో కాపురం చేశాను.

ఆ తరవాత నా నసీబు మారింది. శ్రీకాకుళం వైపు జీడితోటల మధ్య పిడుగుల హెచ్చరిక కేంద్రం ఒకటి పెట్టి, నన్ను తుడిచి, నూనె వేసి, కంచె లోపల ఇనుప స్తంభానికి బిగించారు. నన్ను చూసుకోవడానికి వచ్చినావిడ పేరు ఇందుమతి. రాజమండ్రి మనిషి, చదువుకున్నది, మాట నెమ్మది. ఉరుము ఉరిమితే "అర్జునా, ఫల్గుణా" అని జపించే ఊరు అది. ఆ జపం మానమని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. "జపం మీ ఇష్టం, కానీ షెడ్డులోకి వెళ్లి చేసుకోండి" అంది. ఊరివాళ్లకు ఆ మాట నచ్చింది.

పద్ధతి కూడా తేలికైనదే. ముల్లు బాగా వాలితే ఇందుమతి సైరను పొడుగ్గా మోగిస్తుంది. తోటల్లో జీడిపిక్కలు ఏరేవాళ్లంతా సిమెంటు కప్పున్న షెడ్డులోకి పరుగెత్తాలి. గాలివాన పోయాక రెండు పొట్టి కూతలు వేస్తుంది. అప్పుడు బయటికి రావచ్చు. ఆఖరి ఉరుము వినిపించాక అరగంట ఆగి గానీ ఆ కూతలు వెయ్యకూడదని నియమం. నియమాలు పెట్టడంలో మనుషులను మించినవాళ్లు లేరు. పాటించడం దగ్గరే పేచీ.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం పడమటి కొండ మీద మబ్బు లేచింది. ముల్లు ఎడమకు కొట్టుకుంది. సైరను మోగింది. జనమంతా షెడ్డు చేరారు. పెళపెళమని ఉరుములు, ఒకటే వాన. కాసేపటికి వాన పలచబడింది. షెడ్డులో ఉన్నవాళ్లకు కాలు నిలవడం లేదు, ఎందుకంటే నేల మీద తడిసిన పిక్క నల్లబడిపోతుంది, నల్లబడ్డ పిక్కను ఎవరూ ముట్టరు. తోట మేస్త్రి ఫోను మీద ఫోను చేస్తున్నాడు. "అమ్మా, ఇంకెంతసేపు? పంటంతా బురదలో ఉంది." ఇందుమతి కిటికీలోంచి ఆకాశం చూసింది, మీటరు చూసింది. ముల్లు ఎడమ నుంచి నిదానంగా లేచి వచ్చి సున్నా మీద నిలిచింది.

నేను అబద్ధం చెప్పలేదు. ఆ క్షణంలో అది సున్నాయే. కానీ గాలివాన చివర్లో ముల్లు ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకీ మెల్లగా ఊగుతుంది. అలా ఊగుతూ మధ్యలో సున్నాను దాటుతుంది. గుమ్మం దాటుతున్న మనిషిని చూసి ఇంట్లో లేడనుకుంటే ఎలా? ఇందుమతికి ఇది తెలియక కాదు, పుస్తకంలో చదివినదే. ఆ వేళకు గుర్తు రాలేదు. పాపం, పిక్కలు పాడవుతాయన్న ఆదుర్దాయే తప్ప ఆవిడ మనసులో మరేమీ లేదు. రెండు పొట్టి కూతలు వేసింది.

షెడ్డులో అసిరమ్మ అనే ఆవిడా, ఆమె చెల్లెలు జయంతీ ఉన్నారు. జయంతి గడప దగ్గర ఆగిపోయి, "ఇంకా ఎక్కడో ఉరుంతన్నాదప్పా, ఉండు" అంది.

అసిరమ్మ కసిరింది. "కూత ఇనబడనేదేటే? పిక్కలు నల్లబడిపోతన్నాయి, బేగి రాయే!" అని చెయ్యి పట్టుకుని బయటికి లాగింది.

అప్పటికే నా ముల్లు కుడికి వాలిపోతోంది. ఇందుమతి అది చూసి, అయ్యో అంటూ సైరను మీటకేసి చెయ్యి చాపింది. చెయ్యి మీట మీద పడేలోపే పిడుగు తోటలో పడింది. అసిరమ్మ బతికింది. జయంతి బతకలేదు.

వచ్చిన అధికారులు సైరను మోగిందా అని అడిగారు. మోగిందని ఊరంతా చెప్పింది. ఆ రెండు పొట్టి కూతల సంగతి అడగాలని ఎవరికీ తోచలేదు, చెప్పడానికి ఇందుమతికి నోరు రాలేదు. పైగా ఊరివాళ్లు నా స్తంభానికి బంతిపూల దండ వేశారు. ఈ ఫ్యానే లేకపోతే ఇంకెందరు పోయేవాళ్లో అని దణ్ణం పెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను. యంత్రానికి సిగ్గేమిటంటారా? మీరూ ఆ దండ కింద ఉండి చూడండి, తెలుస్తుంది.

ఊరికి దోషి కావాలి కదా, అసిరమ్మ దొరికింది. చెల్లి వద్దన్నా లాక్కొచ్చి చంపిందన్నారు. కన్నతల్లి ఆమెను గడప తొక్కనివ్వలేదు. అసిరమ్మ ఎదురు చెప్పలేదు, ఎందుకంటే ఆమే అందరికంటే ముందు ఆ మాట నమ్మింది. తోట దారిలో ఆమె కనబడితే చాలు, ఇందుమతి కిటికీ రెక్క మూసేసేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరైనా జయంతి పేరెత్తితే లేచి లోపలికి వెళ్లిపోయేది. చెబుదామని నా స్తంభం దాకా వచ్చి, కంచె పట్టుకుని నిలబడి, వెనక్కి పోయిన రోజులున్నాయి. ఉద్యోగం పోతుందని భయం. అంతకంటే, అమ్మా అమ్మా అంటూ ఆదరించే ఊరు ముఖాన ఉమ్మేస్తుందని భయం. నాకు జాలి వేసేది, ఒళ్లూ మండేది. నాకు నోరుంటే నేనే చెప్పేసేదాన్ని.

జీడి కాలం పోయింది, వానలు పోయాయి, దసరా వచ్చింది. పనిముట్లకు పూజ చేసే రోజు. నాకూ పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. అందరూ వెళ్లాక అసిరమ్మ వచ్చింది. కంచె బయటే నిలబడి, పూలూ కుంకుమా ఉన్న ఆకుదొన్నెను చాపింది.

"నువ్వే ఎట్టీమ్మా. నాను ముట్టకూడదు. సెల్లిని సంపిన సెయ్యిది."

ఇందుమతి కంచె బయటికి వచ్చింది గానీ దొన్నె అందుకోలేదు. అక్కడే నేల మీద చతికిలబడిపోయి, వెక్కుతూ మొత్తం చెప్పేసింది. ముల్లు సున్నా మీదుగా దాటడం, అరగంట ఆగకపోవడం, రెండు కూతలు, అన్నీ. "నీ తప్పేం లేదు అసిరమ్మా. రమ్మని పిలిచింది నేను. నువ్వు నా కూత నమ్మావు, అంతే."

అసిరమ్మ దొన్నె నేల మీద పెట్టి, ఆవిడ ఎదురుగా కూర్చుంది. "అయితే నాను కాదా? మరి నాను కాదా, అమ్మా?" అని మళ్లీ మళ్లీ అడిగి, భోరున ఏడ్చింది. ఏడుపు తగ్గాక కళ్లు తుడుచుకుని లేచింది. అప్పుడు ఆమె గొంతు వేరే గొంతు.

"తప్పు ఎవులైనా సేత్తారు. నీ మూట నా నెత్తినెట్టి ఇన్నాళ్లూ కిటికీలోంచి సూత్తా ఊరుకున్నావు సూడు, అది నాను మరవను. లే. ఈ మాట మా అమ్మ ముందర సెప్పు."

మణికట్టు పట్టుకుని తీసుకుపోయింది. ఇందుమతి తిరిగి వచ్చినప్పుడు చెంప కందిపోయి ఉంది. ఎవరు కొట్టారో చెప్పలేదు. కానీ ఆ సాయంత్రం కిటికీ రెక్క తెరిచే ఉంచింది. అసిరమ్మను తల్లి ఇంట్లోకి పిలిచి అన్నం పెట్టిందని మర్నాడు పాలు పోయడానికి వచ్చినాయన చెప్పాడు.

పైవాళ్లకు కూడా ఇందుమతి ఉన్నదున్నట్టు చెప్పుకుంది. వాళ్లు తలలు పట్టుకుని ఆలోచించి, చివరికి "యంత్రం పాతబడింది" అని తేల్చారు. ఆవిడను ఉంచి నన్ను పీకేశారు! నవ్వొచ్చింది నాకు. అయినా ఫరవాలేదు, ఆ సున్నా చూపించింది నేనే కదా, కాస్త శిక్ష నాకూ ఉండనీ. ఇప్పుడు నా స్తంభం మీద అంకెలు చూపించే కొత్త యంత్రం ఉంది. నన్ను గదిలో కిటికీ పక్కన బీరువా మీద పెట్టారు. రెక్కలు తిరగవు గానీ తోటంతా కనిపిస్తుంది.

పిక్కలు ఏరడం మళ్లీ మొదలైన రోజునే అసిరమ్మ ఆడవాళ్లందరినీ వెంటేసుకుని గది ముందుకొచ్చి, ఒక మాట చెప్పి పోయింది. "ఇకమీద కూతేత్తే సాల్దు. ముందు నువ్వు వొచ్చి బయట నిలబడు. నువ్వు నిలబడితే మేం వత్తాం."

అప్పటి నుంచి అదే ఆచారం. గాలివాన పోయాక ఇందుమతి అరగంట ఆగుతుంది, ఆ పైన మరికాసేపు ఆగుతుంది. తరవాత తలుపు తీసుకుని, గొడుగైనా లేకుండా, జయంతి పడిపోయిన చోటికి నడిచి వెళ్లి ఒంటరిగా నిలబడుతుంది. షెడ్డులో అందరూ చూస్తుంటారు. మొదట బయటికి అడుగు పెట్టేది అసిరమ్మే. వచ్చి ఆవిడ పక్కన నిలబడి, ఆకాశం నాలుగు వైపులా చూసుకుని, వెనక్కి తిరిగి తనవాళ్లను పిలుస్తుంది. ఇందుమతితో మాత్రం ఇవాళ్టికీ ఒక్క మాట మాట్లాడదు.